పంక్తిభేదం

మొన్న సంక్రాంతి సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడు పామిడిముక్కల వచ్చి మా ఇంట్లో ఒక పూట వున్నాడు. 2015లో ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదివినవాడు. ఇప్పుడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో వుద్యోగం చేస్తున్నాడు. భోజనాలైనాక కాలవగట్టున నడుస్తుంటే ఒక సంగతి చెప్పాడు. 2023లో తోటి వుద్యోగులు అతన్ని రెడ్ లాబ్‌స్టర్ అనే భోజనశాలకు తీసుకువెళ్ళారట. ఇరవై డాలర్లిస్తే ఎన్ని రొయ్యలు తిన్నా సరే. పళ్ళెం ఖాళీ అయినప్పుడల్లా మరొకటి తెచ్చిపెడతారు. ఆ పథకం పేరే 'అంతులేని రొయ్యలు'. అతను నాలుగు పళ్ళేలు తిన్నాడు. అయిదోది వచ్చేసరికి వాళ్ళమ్మ చేతులు జ్ఞాపకం వచ్చాయి. ఆమె యేళ్ళ తరబడి రొయ్యల షెడ్డులో పొట్టు తీసి అతని ఫీజులు కట్టింది. "నేను తినడం తప్పేనా మాస్టారూ?" అన్నాడు.

ఆ పూట నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. "నువ్వు తినకపోతే ఆ రొయ్యలు సముద్రంలోకి తిరిగి పోతాయా యేమిటి?" అని నవ్వి వూరుకున్నాను. అది వుపాధ్యాయుడి సమాధానం కాదు, తప్పించుకునేవాడి మాట. (పైగా అవి చెరువు రొయ్యలు; తిరిగిపోవడానికి వాటికి సముద్రం కూడా లేదు.) ఈ వ్యాసం ఆ బాకీ తీర్చే ప్రయత్నం. తిండి సంగతి ఒక విమర్శపత్రికకు తగిన విషయమా అని సందేహించే మిత్రులుండవచ్చు. కూటికోసం జరిగిన పోరాటాల మీద మనం చాలా రాశాం. కూడు ముందుకు వచ్చినాక జరిగే వ్యవహారాన్ని మాత్రం రుచుల కబుర్లుగా వారపత్రికలకు వదిలేశాం. అక్కడ పొరబడ్డామేమోనని నా అనుమానం.

మన పాత నీతిలో పంక్తిభేదమనే దోషం ఒకటున్నది. ఒకే వరసలో కూర్చున్నవారిలో ఒకరికి నెయ్యి ఎక్కువ, మరొకరికి తక్కువ వడ్డించడం పాపమని పెద్దలు చెప్పారు. వినడానికి ఇంతకంటె సమతావాదం ఏం కావాలి అనిపిస్తుంది. కాని ఆ నీతి వరస మొదలైనచోట మొదలై వరస ముగిసినచోట ముగుస్తుంది. వరసలోకి ఎవరు రావచ్చు, ఎవరు వాకిట్లో నిలబడాలి, ఎవరు విస్తళ్ళు ఎత్తాలి అన్న ప్రశ్నలు పంక్తిభేదం కిందికి రావు. వాటికి వర్ణధర్మమని వేరే పేరున్నది. లోపలి సమానత్వాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తే వెలుపలి అసమానత్వం అంత కనబడకుండా పోతుంది. మా వైపు వరసను బంతి అంటారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. ఆ సామెత చెప్పినవాడికి కడబంతిలోనైనా చోటున్నది, గమనించాలి. వరి పండించినవాడూ, చేప పట్టినవాడూ ఆ సామెతలో ఎక్కడా లేరు.

ఈ బంతిని కదిలించినవారు సంస్కర్తలు మాత్రమే కారు. డబ్బు తీసుకుని అన్నం పెట్టే హోటలు కూడా కదిలించింది. రైలూ కోర్టూ కాలేజీ వచ్చినాక ఇల్లు వదిలిన మనిషికి బయట తిండి కావలసివచ్చింది. డబ్బుకు కులం లేదు గనుక హోటలు కులాన్ని చంపివేస్తుందని ఆశపడ్డవారున్నారు. హోటలు కులాన్ని చంపలేదు, బోర్డు మీద రాసుకున్నది. 'బ్రాహ్మణ కాఫీ హోటలు' అనే అక్షరాలు మన పట్టణాల్లో చాలాకాలం వేలాడాయి. రైల్వేస్టేషన్లలో హిందువుల నీళ్ళు వేరు, ముస్లిముల నీళ్ళు వేరు. మాంసమో చేపో వండితే అది 'మిలటరీ హోటలు', అంటే సంసారి పక్షం వాళ్ళు దొంగచాటుగా దూరే చోటు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం పదిహేనవ అధికరణంలో హోటళ్ళ ప్రవేశానికి కులం అడ్డురాకూడదన్నది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. అయినా 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు బోర్డు మీదినుంచి కులం పేరు తీయించడానికి పెరియార్ అనుచరులు ఆందోళన చేసి జైళ్ళకు పోవలసివచ్చింది. పల్లెటూరి టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఆ చట్టం తర్వాత కూడా దశాబ్దాలు నడిచింది. మా ప్రాంతంలోనే ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా సహపంక్తి భోజనాలు జరిపించారు. పక్కపక్కన కూర్చుని పప్పూ అన్నం తినడం ఆనాడు ఆకలి తీర్చుకునే పని కాదు, బహిష్కారానికి సిద్ధపడే పని.

అమెరికా కథ ఇంతకంటె వేరుగా లేదు. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో, తెల్లవారికి మాత్రమే కేటాయించిన భోజనపు బల్ల దగ్గర కూర్చున్నారు. వాళ్ళు అడిగింది కాఫీ. ఆ బల్ల అందరిదీ కావడానికి జులై దాకా పట్టింది. దేశం మొత్తానికి చట్టం 1964లో వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1968లో, ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌లో బిల్ డార్డెన్ అనే వ్యాపారి రెడ్ లాబ్‌స్టర్ మొదటి శాల తెరిచాడు. (పేరులో ఎరుపున్నది గదా అని మన విద్యార్థి మిత్రులు తొందరపడవద్దు. లాబ్‌స్టర్ వుడికితే ఎర్రబడుతుంది, అంతే.) సముద్రపు తిండి అప్పటికి అక్కడ తీరవాసులకూ, లేకపోతే డబ్బున్నవారికీ అందేది. దాన్ని తీరానికి దూరంగా వున్న వూళ్ళలో సైతం, సామాన్య సంసారి భార్యాబిడ్డలతో వచ్చి తినగల ధరకు పెట్టడమే ఈ వ్యాపార సూత్రం. 1970లో జనరల్ మిల్స్ అనే పెద్ద కంపెనీ దాన్ని కొన్నది. శాఖలు వందలకు పెరిగాయి. నల్లజాతి కుటుంబాలు పుట్టినరోజులకూ, ఆదివారం చర్చి అయినాక భోజనాలకూ పోయే చోటుగా దానికి పేరు వచ్చింది. 2016లో గాయని బియాన్సే తన పాటలో ఆ పేరెత్తితే ఆ వారాంతంలో అమ్మకాలు మూడోవంతు పెరిగాయని కంపెనీ చెప్పుకున్నది. ఆ పాట వెనుక, పాటలో లేని గ్రీన్స్‌బరో వున్నది.

ఇటువంటి శాలల పట్ల మన చదువుకున్నవారిలో ఒక చిన్నచూపు వున్నది. అచ్చుగుద్దినట్టు ఒకే తిండి, ఒకే దీపాలు, తిండిపోతుతనం, వర్తక సంస్కృతి అంటారు. ఈ విమర్శ పైకి ప్రగతిశీలంగానే కనిపిస్తుంది. నాకు మాత్రం ఇందులో జమీందారీ వాసన వేస్తుంది. తరతరాలుగా నిలబడి తిన్నవాడికి కూర్చుని తినడంలో వున్న సుఖం, ఎప్పుడూ కూర్చునే తిన్నవాడికి తెలియదు. నా విద్యార్థి తాత గిలకలదిండి వైపునుంచి చేపల కావిడి మోసుకుని డెల్టా వూళ్ళు తిరిగేవాడు. పెద్దల ఇళ్ళలో పెరటి గుమ్మం దగ్గర దింపేవాడు. చేప వంటింట్లోకి పోయేది, మనిషి పోయేవాడు కాదు. ఆ తాత మనమడు ముందుగుమ్మం లోంచి వెళ్ళి, తన పేరు చెప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెల్లమనిషి వచ్చి అతన్ని ఏం కావాలండీ అని అడిగాడు. దీన్ని చిన్న విషయమన్నవాడికి చరిత్ర తెలియదు.

అయితే ఇక్కడ ఆగితే సగం సత్యం చెప్పి ఆగినట్టే. పళ్ళెం ముందు కూర్చున్న మనిషి చరిత్ర చెప్పుకున్నాం. పళ్ళెంలోని వస్తువుకు కూడా ఒక చరిత్ర వున్నది.

న్యూ ఇంగ్లండ్ తీరంలో తొలి వలసల కాలంలో లాబ్‌స్టర్ పేదవాడి తిండి. డబ్బాలూ రైళ్ళూ వచ్చి దాన్ని దూరపు నగరాల విలాసంగా మార్చాయి. మన రొయ్య కూడా అదే దారి తొక్కింది. బెజవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయినాక కాలవలు వచ్చాయి, వరి వచ్చింది. ఆ కాలవల్లో, బోదెల్లో, మురుగుల్లో చేపా రొయ్యా పుష్కలంగా దొరికేవి. పొలంనుంచి వస్తూ కూలివాళ్ళు మావుల్లో పడ్డ రొయ్యలు తట్టలో వేసుకుని వచ్చేవారని మా నాయనమ్మ చెప్పేది. తీరపు వూళ్ళనుంచి ఎండురొయ్యలు వడ్లకు మారకంగా వచ్చేవి. పొట్టు దులిపి, వేయించి, వంకాయలోనో గోంగూరలోనో నాలుగు పడేస్తే కూలి ఇంట ఆ పూట పండగ. అదే రొయ్య వాసన బడిలో పిల్లవాడి చొక్కాకు అంటుకుంటే అవమానం. మా తరగతిలో ఒకణ్ణి అందరూ ఎండురొయ్య అని పిలిచేవారు. నేనూ పిలిచాను.

1990 ప్రాంతంలో ఈ అవమానం ఒక్కసారిగా డాలరై కూర్చున్నది. టైగరు రొయ్య ఎగుమతికి పనికివస్తుందని తెలిసి తీరం పొడుగునా చెరువులు తవ్వారు. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నాటికి ఆ వూళ్ళలో చెరువంటే మంచినీళ్ళ చెరువు. ఇప్పుడు చెరువంటే రొయ్యల చెరువు. ఉప్పునీళ్ళు పక్కవాడి వరిలోకి, తాగే బావిలోకి వూరాయి. 1994, 95ల్లో తెల్లమచ్చ జబ్బు వచ్చి చెరువులు రాత్రికి రాత్రి ఖాళీ అయ్యాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులు తొలగించాలని తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత జలసాగుకు ప్రత్యేక చట్టం చేసి, దానికొక అథారిటీని పెట్టి, ఆ తీర్పు పదును తగ్గించింది. 2009లో పసిఫిక్ తీరపు వన్నామీ రొయ్యకు అనుమతి దొరికింది. ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రం దేశంలో రొయ్యల సాగుకు మొదటి స్థానంలో నిలిచింది. అమెరికా కొనే రొయ్యల్లో ఇండియావే అన్నిటికంటె ఎక్కువయ్యాయి. చెరువుల యజమానుల్లో బాగుపడ్డవారున్నారు, కాదనను. కౌలుకు చెరువు తీసుకుని, మేత అప్పు తెచ్చి, పట్టుబడి రోజున కొనేవాడు చెప్పిన ధరకు తలవూపినవారు వారికంటె ఎక్కువమంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మొదట వణికింది ఢిల్లీ కాదు, చెరువుగట్టు.

ఇక ఆ 'అంతులేని రొయ్యల' సంగతి. 2014లో ఒక పెట్టుబడి సంస్థ రెడ్ లాబ్‌స్టర్‌ను 210 కోట్ల డాలర్లకు కొన్నది. కొన్నప్పుడే శాలల కింది భూములను సుమారు 150 కోట్లకు వేరే వారికి అమ్మి, అవే శాలలు ఆ భూములకు అద్దె కట్టేటట్టు చేసింది. సొంత పొలం అమ్ముకుని అదే పొలానికి కౌలుదారుగా దిగిన రైతును మనం ఎరుగుదుం. ఆ రైతు గతి తెలిసినవారికి ఈ కంపెనీ గతి వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత రొయ్యలూ చేపలూ అమ్మే థాయ్ యూనియన్ అనే థాయిలాండ్ కంపెనీ వాటా తీసుకుని, 2020 నాటికి యజమానుల్లో ముఖ్యురాలయింది. ఈ థాయ్ యూనియన్‌కే మన ఆంధ్రలో రొయ్యల మేత చేసే అవంతి ఫీడ్స్‌లో సుమారు నాలుగోవంతు వాటా వున్నది. మేతలో వాటా, రొయ్య బేరంలో వాటా, రొయ్య తినే బల్లలో వాటా. 2023లో ఇరవై డాలర్ల పథకాన్ని శాశ్వతం చేస్తే జనం విరగబడి వచ్చారు. మూడు నెలల్లో కోటి డాలర్లకు పైగా నష్టం వచ్చింది. 2024 మే నెలలో కంపెనీ దివాలా దాఖలు చేసింది. చాలా శాఖలు మూతపడ్డాయి, వడ్డించేవాళ్ళు వీధిన పడ్డారు. సెప్టెంబరులో కంపెనీ కొత్త యజమానుల చేతికింద తిరిగి లేచింది. పత్రికలు మాత్రం జనం తిని తిని కంపెనీని తినేశారని వేళాకోళం చేశాయి. అద్దెల మాట అడుగున పడిపోయింది. తక్కువ డబ్బుకు కడుపునిండా తిన్నవాడి మీద నేరం మోపడం ఎంత తేలికో చూడండి. మన దగ్గర కూడా ధరల పెరుగుదలకు కూలివాళ్ళు రెండు పూటలా అన్నం తినడమే కారణమన్న పెద్దమనుషులున్నారు.

2015లో ఈ కుర్రవాడు వారంరోజులు కాలేజీకి రాకపోతే వాళ్ళమ్మను కలవడానికి ఆమె పనిచేసే షెడ్డుకు వెళ్ళాను. ఆ షెడ్డు పేరు ఇక్కడ అనవసరం. అటువంటివి చాలా వున్నాయి. లోపలికి వెళ్ళగానే ముందు చలి తగిలింది, తర్వాత వాసన. పొడుగాటి బల్లలు, బల్లలమీద ఐసు, ఐసులో రొయ్యలు. అటూ ఇటూ ఆడవాళ్ళు నిలబడి తల తీస్తున్నారు, పొట్టు తీస్తున్నారు, వీపున గీరి నరం తీస్తున్నారు. లెక్క కిలోలకు. ఎవరూ తల ఎత్తరు, ఎత్తితే కిలో తగ్గుతుంది. ఆమె చేతితొడుగు తీసి నాకు నమస్కారం పెట్టింది. వేళ్ళు నానిపోయి తెల్లగా, గోళ్ళ పక్కన చీలి వున్నాయి. కుర్రవాడికి జ్వరమని చెప్పింది. రెండు నిమిషాలకే ఆమె కళ్ళు బల్లవైపు పోయాయి. నేను అర్థం చేసుకుని బయటికి వచ్చాను. 2024 మార్చిలో అమెరికాలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ ఇండియా రొయ్యల పరిశ్రమలో శ్రమ పరిస్థితుల మీద తీవ్రమైన ఆరోపణలతో నివేదిక ప్రకటించింది. పరిశ్రమవారూ ప్రభుత్వమూ తోసిపుచ్చారు. ఆ వివాదంలో నేను సాక్షిని కాను. నాకు జ్ఞాపకం వున్నది ఒక్కటే: ఆ బల్ల దగ్గర కుర్చీలు లేవు.

సరుకు తన పుట్టుకను తానే కప్పిపుచ్చుకుంటుందని 1867లో మార్క్స్ చెప్పినదాన్ని మనం తరగతుల్లో కోటూ చొక్కా వుదాహరణలతో వివరిస్తాం. రొయ్య దానికంటె మంచి వుదాహరణ. తల తీసి, పొట్టు తీసి, నరం తీసి, గడ్డకట్టించి పంపినప్పుడు పోయేది పొట్టు ఒక్కటే కాదు. పొట్టు తీసిన చెయ్యి కూడా పోతుంది. పెట్టుబడిదారీ విధానం పంక్తిభేదాన్ని రద్దుచేసింది, నిజమే. ఆ శాలలో నల్లవాడికీ తెల్లవాడికీ గిలకలదిండి పిల్లవాడికీ ఒకే పళ్ళెం, ఒకే ధర. పాత సమాజం భేదాన్ని వాకిట్లో నిలబెట్టేది గనుక అన్నం తింటున్నవాడికి కనీసం కంటపడేది. కొత్త సమాజం దాన్ని పదివేల మైళ్ళ అవతల షెడ్డులో దాచింది.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. తినడం తప్పా? డబ్బిచ్చాను గనుక ఋణం తీరిందనేవాడి సమాధానం మీద కాలం వృథా చేయను; ఇరవై డాలర్లలో ఆ బల్లకు చేరింది ఎంతో అతను ఎన్నడూ అడగడు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండో సమాధానం, ఎందుకంటే అది మంచివాళ్ళ సమాధానం. అన్యాయంతో వచ్చిన తిండి నేను ముట్టను అంటారు వాళ్ళు. నా విద్యార్థి కూడా ఆ రోజునుంచి రొయ్యలు మానేశానని కొంచెం గర్వంగానే చెప్పాడు. గర్వం చూసినప్పుడు నాకు అనుమానం వచ్చింది. ముట్టకపోవడం, అంటకపోవడం, నా చేతులు శుభ్రమనుకోవడం మనకు కొత్త విషయాలా? అది మడి. వెనకటి మడి మనిషిని దూరంగా వుంచితే ఈ మడి సరుకును దూరంగా వుంచుతుంది. రెంటికీ కావలసింది కట్టుకున్నవాడి శుద్ధి. అతను రొయ్యలు మానేస్తే షెడ్డులో ఒక్క కుర్చీ పడదు. అందరూ మానేస్తే షెడ్డే వుండదు. 2025లో ధర పడిపోయినప్పుడు మొదట పని తగ్గింది ఆ ఆడవాళ్ళకే. బహిష్కరణ పోరాటాయుధం కాదని నేననడం లేదు. పనిచేసేవాళ్ళు పిలుపిస్తే అది ఆయుధం. వాళ్ళను అడగకుండా నేనొక్కణ్ణీ చేస్తే అది వ్రతం.

గ్రీన్స్‌బరో విద్యార్థులు కాఫీ తాగడం మానేయలేదు. ముదునూరులో కూర్చున్నవాళ్ళు వుపవాసం చేయలేదు. బల్లను వాళ్ళు పొడిగించారు. ఆ పొడిగింపు తినేవాళ్ళ వరస దాకా వచ్చి ఆగింది. వండే, వలిచే, పట్టే, పెంచే బల్లల దాకా పోలేదు. పోవాలంటే షెడ్డులో సంఘం కావాలి, కిలో రేటు రాసివుండాలి, కూర్చునే చోటు కావాలి. ఇవి డల్లాస్‌లో పళ్ళెం ముందు తేలే విషయాలు కావు. అయినా అక్కడ తినేవాడు వాటికి పరాయివాడూ కాదు. అతను తిన్నది తప్పు కాదు. నాలుగు పళ్ళేల దాకా గుర్తురాకపోవడం కూడా తప్పనను, ఆకలికి అంత హక్కున్నది. గుర్తుకు వచ్చినదాన్ని రొయ్యలు మానేయడంతో సరిపెట్టుకోవడం దగ్గరే నాకు అతనితో పేచీ.

ఈ మాటలే కొంచెం తక్కువగా అతనికి ఫోనులో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, వాళ్ళమ్మకు ఈ సంగతంతా పండక్కి వచ్చినప్పుడే చెప్పానన్నాడు. ఆమె బాధపడుతుందనుకున్నాడట. "కడుపునిండా పెట్టారా నాన్నా?" అని అడిగింది. పెట్టారన్నాడు. "అవి ఎంత కౌంటురా?" అన్నది. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు. ముప్ఫయ్యో, యాభయ్యో, వందో. అతనికి తెలియలేదు, చూడలేదన్నాడు. ఆమె నవ్వి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరచేసి, ఇంత వున్నాయా, ఇంతకంటె చిన్నవా అని అడిగిందట.